అడవి పచ్చగా కనిపిస్తే చాలదు: విశాఖ కొండలను శాటిలైట్, డ్రోన్‌లతో గమనించే పద్ధతి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆకులు ఊడిపోయి, కొమ్మలు విరిగి, ఊరి చుట్టూ కొండలు గోధుమరంగులోకి మారిపోయిన సంగతి ఇక్కడివాళ్లకు గుర్తే. తర్వాత వానలు పడ్డాయి, కొండలు మళ్లీ పచ్చబడ్డాయి. అయితే కొండ పచ్చబడినంత మాత్రాన అడవి తిరిగి వచ్చినట్టు కాదు. పెద్ద చెట్టు కూలిన చోట ఎండ నేరుగా నేల మీద పడుతుంది. ఆ వెలుతురులో ముందుగా అల్లుకునేది తరచూ లాంటానా లాంటి పొదే. రోడ్డు మీద నుంచి చూసినా, ఒక శాటిలైట్ ఫొటో చూసినా చెట్టూ పొదా రెండూ పచ్చగానే ఉంటాయి.

ఆ తేడాను పట్టుకోవడమే ఈ పని అసలు ఉద్దేశం. విద్యార్థులు, ప్రకృతి కార్యకర్తలు, వన సంరక్షణ సమితుల సభ్యులు, బీట్ స్థాయి సిబ్బంది ఎవరైనా ఈ పద్ధతి నేర్చుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, నడవడానికి ఓపిక ఉంటే మొదలుపెట్టవచ్చు. డ్రోన్ అవసరం తర్వాత వస్తుంది.

మొదట హద్దు, ఆపైన ప్రశ్న

"అడవి ఎలా ఉందో చూద్దాం" అని మొదలుపెడితే ఎక్కడికీ చేరం. ఏ అడవి, ఏ సమస్య అన్నది ముందే తేల్చుకోవాలి. ఉదాహరణకు: కంబాలకొండ అభయారణ్యంలో గత ఐదేళ్లలో చెట్ల గొడుగు, అంటే పైనుంచి నేలను కప్పే కొమ్మలూ ఆకులూ, ఎక్కడ పలచబడింది? లేదా, అనంతగిరి వాలుల్లో ఈ వేసవి మంటలకు ఎంత మేర కాలింది? ప్రశ్నను బట్టే ఏ శాటిలైట్, ఏ నెల, ఏ సూచిక అన్నవి మారిపోతాయి.

హద్దును క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసుకుని ఫైలుగా దాచుకోండి. భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో విశాఖ, అరకు ప్రాంతమంతా 44 ఉత్తర జోన్‌లోకి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఎంచుకోవడానికి వాడే ఈపీఎస్‌జీ కోడ్ 32644. ప్రతి ఫైలునూ ఇందులోనే ఉంచితే విస్తీర్ణాలు చదరపు మీటర్లలో సరిగ్గా వస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక అరకు, పాడేరు, అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అందుకే పాత నివేదికల్లోని "విశాఖ జిల్లా అడవి" అంకెను ఇప్పటి జిల్లా అంకెతో పోల్చకూడదు.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే తెలియాలి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో హెక్టారుకు మించిన విస్తీర్ణంలో 10 శాతం కన్నా ఎక్కువ చెట్ల గొడుగు ఉన్న నేలంతా అటవీ విస్తీర్ణమే. ఆ నేల ఎవరిది, అందులో ఏ చెట్లున్నాయి అన్నది చూడరు. జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు, అరకు వైపు సిల్వర్ ఓక్ నీడలో పెరిగే కాఫీ తోటలు కూడా ఇందులో కలిసిపోతాయి. 70 శాతం, అంతకు మించి గొడుగు ఉంటే చాలా దట్టం, 40 నుంచి 70 అయితే మధ్యస్థం, 10 నుంచి 40 అయితే పలచన, 10 కన్నా తక్కువైతే పొదల నేల. గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ అనే వెబ్‌సైట్‌లో "చెట్లు తగ్గాయి" అని కనబడే మచ్చ కోతకు వచ్చిన సరుగుడు తోట కావచ్చు. తోటలను వేరే పొరగా గీసి పక్కన పెట్టుకోకపోతే ఆ తర్వాత వచ్చే ప్రతి అంకెనూ అనుమానించాల్సిందే.

ఏ శాటిలైట్ ఎందుకు

రోజువారీ పనికి సెంటినెల్-2 చాలు. ఐరోపా అంతరిక్ష సంస్థ వీటి ఫొటోలను ఉచితంగా ఇస్తుంది. రెండు శాటిలైట్లు కలిసి ఐదు రోజులకోసారి మన మీదుగా వెళ్తాయి. ముఖ్యమైన రంగుల్లో ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు. కంబాలకొండ సుమారు 70 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 7 లక్షల పిక్సెళ్లు. ల్యాప్‌టాప్ తేలిగ్గా మోయగల లెక్కే ఇది.

2015కు ముందు సంగతి కావాలంటే అమెరికా శాటిలైట్లయిన ల్యాండ్‌శాట్ వైపు వెళ్లాలి. పిక్సెల్ 30 మీటర్లే అయినా దశాబ్దాల నాటి ఫొటోలు దొరుకుతాయి. హుద్‌హుద్ నాటికి సెంటినెల్-2 ఇంకా ఎగరలేదు, ల్యాండ్‌శాట్-8 మాత్రం 2013 నుంచే పనిచేస్తోంది. మన దేశపు రిసోర్స్‌శాట్ శాటిలైట్ల ఫొటోలు హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్ పోర్టల్‌లో ఉంటాయి. అందులో లిస్-3 కెమెరా పిక్సెల్ 23.5 మీటర్లు, లిస్-4 కెమెరా పిక్సెల్ 5.8 మీటర్లు.

జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులే. అప్పుడు రాడార్ శాటిలైట్లు ఆదుకుంటాయి. సెంటినెల్-1 రాడార్ మబ్బులోంచి చూస్తుంది, రాత్రీ చూస్తుంది. కొమ్మలు, ఆకుల మధ్య చెదిరి తిరిగొచ్చే తరంగాలను చూపే దాని వీహెచ్ సంకేతం కొత్తగా నరికిన చోట పడిపోతుంది. కొండవాలుల్లో ఈ ఫొటోలు సాగి, వంగి కనిపిస్తాయి కాబట్టి ఒకే దిశలో వెళ్తూ తీసిన వాటినే ఒకదానితో ఒకటి పోల్చాలి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో, నాసాల రాడార్ శాటిలైట్ నైసార్ మీద నాకు చాలా ఆశ ఉంది. దాని పొడవైన ఎల్-బ్యాండ్ తరంగాలు ఆకుల పొరను దాటి కొమ్మలు, మానుల దాకా చేరతాయి. 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. పొదకూ చెట్టుకూ తేడా తేల్చాల్సిన మనలాంటి చోట్ల ఇలాంటి చూపు కావాలి.

సెంటినెల్ ఫొటోలు డౌన్‌లోడ్ చేసుకోవాలంటే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్ ఉంది. డౌన్‌లోడ్ చేయకుండానే లెక్కలు వేయాలంటే గూగుల్ ఎర్త్ ఇంజిన్ ఉంది. వ్యాపారేతర పనికి ఉచితం, కాస్త కోడింగ్ రావాలి. ఏది వాడినా లెవెల్-2ఏ ఫొటోలే తీసుకోండి. వాతావరణం కలిపే మసకను వాటిలో సరిచేసి ఉంటారు.

సూచికలు: ఆకు గురించి అంకె ఏం చెబుతుంది

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు వెలుగును తాగేస్తుంది, కంటికి కనబడని సమీప పరారుణ వెలుగును తిప్పికొడుతుంది. ఎన్‌డీవీఐ ఈ తేడానే కొలుస్తుంది. పరారుణంలోంచి ఎరుపు తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. శాటిలైట్ ఒక్కో రకం వెలుగును ఒక్కో బ్యాండుగా విడిగా ఇస్తుంది. సెంటినెల్-2లో ఎరుపు అంటే 4వ బ్యాండు, పరారుణం అంటే 8వ బ్యాండు. బోడి నేల 0.1, 0.2 దగ్గర ఉంటుంది, దట్టమైన అడవి 0.7 దాటుతుంది, నీళ్లు సున్నా కిందకు పోతాయి.

దట్టమైన అడవిలో ఎన్‌డీవీఐ ఒక స్థాయి దాటాక పెరగడం ఆపేస్తుంది. ఒక పొర ఆకులున్నా మూడు పొరలున్నా అంకె దాదాపు ఒకటే. అందుకే రెండో సూచిక కావాలి. ఆకులో తేమను చూపే ఎన్‌డీఎంఐ అంటే నాకు ఎక్కువ నమ్మకం. 8ఏ బ్యాండులోంచి 11వ బ్యాండు తీసేసి, వాటి మొత్తంతో భాగిస్తే అది వస్తుంది. నీటి ఎద్దడికి ఆకు రంగు మారకముందే తేమ తగ్గడం ఇందులో కనబడే అవకాశం ఉంది. కాలిన నేల కోసం అదే సూత్రంలో 11కు బదులు 12వ బ్యాండు పెట్టి ఎన్‌బీఆర్ అనే సూచిక లెక్కిస్తారు. మంటకు ముందు విలువలోంచి తర్వాతి విలువ తీసేస్తే ఎంత గట్టిగా కాలిందో అంచనా వస్తుంది.

ఇక్కడ చాలామంది తడబడే రెండు సాంకేతిక విషయాలున్నాయి. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేయకుండా 2021 ఫొటోతో 2023 ఫొటోను పోలిస్తే అడవి ఉన్నట్టుండి క్షీణించినట్టు కనబడుతుంది. ఎర్త్ ఇంజిన్‌లో "హార్మనైజ్డ్" అని ఉన్న సంకలనం తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ల్యాండ్‌శాట్ ఉపరితల విలువలనైతే 0.0000275తో హెచ్చించి 0.2 తీసేశాకే సూత్రంలో పెట్టాలి.

మబ్బులను, వాటి నీడలను ఫొటోతో వచ్చే ఎస్‌సీఎల్ పొర (ఏ పిక్సెల్ మబ్బో, నీడో, మొక్కో చెప్పేది) ఆధారంగా చెరిపేయండి. ఆ పొర పలచని మబ్బును ఒక్కోసారి వదిలేస్తుంది. కాబట్టి ప్రతి ఫొటోనూ మామూలు రంగుల్లో ఒకసారి కళ్లతో చూడటం మానకండి. శాటిలైట్ ఉదయం పదిన్నర ప్రాంతంలో వస్తుంది. చలికాలంలో ఆ వేళ సూర్యుడు ఆగ్నేయంగా ఉంటాడు కాబట్టి నిటారుగా ఉన్న వాయవ్య వాలులు నీడలో పడతాయి. అక్కడ అంకె తగ్గడానికి నీడే కారణం కావచ్చు.

ఋతువు తెలియకపోతే అంతా జబ్బులాగే కనిపిస్తుంది

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. విశాఖ చుట్టుపక్కల అడవిలో ఎక్కువ భాగం ఆకు రాల్చే చెట్లది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకు రాలుతుంది, వేసవి చివర, తొలకరికి కొత్త చిగురు వస్తుంది. డిసెంబరు ఫొటో పక్కన ఏప్రిల్ ఫొటో పెట్టి "అడవి చచ్చిపోతోంది" అంటూ ఎర్రరంగు మ్యాప్ పంచితే జనంలో టెన్షన్ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. చెట్టు తన పని తాను చేసుకుంటోంది, అంతే.

అందుకే ఏ చోటునైనా అదే చోటుతో, అదే నెలలో పోల్చాలి. మన ప్రాంతానికి డిసెంబరు నుంచి జనవరి సగం దాకా మంచి కాలం. వానలు వెనక్కి తగ్గి ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది, ఆకు ఇంకా చెట్టు మీదే ఉంటుంది. ఆ కాలపు ఫొటోలన్నీ కలిపి ఒక్కో పిక్సెల్‌కు మధ్యస్థ విలువ (మీడియన్) తీసుకుంటే ఒక ఏడాది చిత్రం తయారవుతుంది. ఇలా కనీసం ఐదేళ్లవి చేసుకోండి. ఆ ఏళ్ల సగటు, ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతాయో చెప్పే అంకె) లెక్కగట్టి, ఈ ఏడాది విలువ సగటు కన్నా రెండు విచలనాలకు మించి పడిపోయిన పిక్సెళ్లకు గుర్తు పెట్టండి. ఆ ఏడాది వాన బాగా తక్కువైతే కొండంతా ఒకేసారి దిగుతుంది. అది వేరు, చుట్టూ బాగుండి ఒక్క ముక్క దిగడం వేరు. రెండో రకానికే పరుగెత్తాలి.

మార్చి, ఏప్రిల్ ఫొటోలు కూడా దాచుకోండి, వాటి ఉపయోగం వేరు. పైన చెట్లు ఆకు రాల్చినప్పుడు కింద ఏముందో బయటపడుతుంది. గెడ్డల (వాగుల) వెంట సతత హరిత చెట్లు పచ్చని గీతలుగా విడిగా కనబడతాయి. పై గొడుగు బోడిగా ఉన్న వాలులో ఇంకా పచ్చగా పరుచుకున్న మచ్చ ఉంటే, అక్కడ కింద పొద ఆక్రమించిందేమో చూడాలి. డిసెంబరులో ఒకేలా కనిపించిన రెండు వాలులు మార్చిలో రెండు రకాలుగా కనబడితే, చెట్టుకూ పొదకూ మధ్య మనం వెతుకుతున్న తేడా అక్కడ దొరికే అవకాశం ఉంది.

చేయి తిరగడానికి హుద్‌హుద్ మంచి అభ్యాసం. 2013 డిసెంబరు, 2014 డిసెంబరు, ఆ తర్వాత ఏదో ఒక ఇటీవలి డిసెంబరు ల్యాండ్‌శాట్ ఫొటోలు తీసుకుని మూడింటికీ ఎన్‌డీవీఐ, ఎన్‌డీఎంఐ రెండూ వేయండి. సముద్రం వైపు వాలునూ లోపలి వాలునూ విడిగా చూడండి. రెండు సూచికలూ ఒకే వేగంతో పాత స్థాయికి చేరాయా, ఏదైనా వెనకబడిందా అన్నది గమనించండి. పచ్చదనం వచ్చి తేమ వెనకబడిన చోట్లను నడిచి చూడాల్సిన జాబితాలో మొదట పెట్టండి.

గుర్తు పెట్టిన ప్రతి పిక్సెల్ వెంటా పడకూడదు. అర హెక్టారు కన్నా చిన్న మచ్చలను, అంటే సెంటినెల్‌లో 50 పిక్సెళ్ల లోపు వాటిని పక్కన పెట్టండి. మబ్బులేని రెండు వరస ఫొటోల్లోనూ కనబడితేనే నమ్మండి. ఇలా వడపోస్తే వందల మచ్చలు పదుల్లోకి వస్తాయి.

మంటల కాలం

ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వారం దాకా రోజూ చూడాల్సినది మంటలను చుక్కలుగా చూపే నాసా వారి ఫర్మ్స్ మ్యాప్. శాటిలైట్ల మీదుండే వియర్స్ పరికరం 375 మీటర్ల పిక్సెల్‌తో మధ్యాహ్నం ఒంటిగంటన్నర, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతాల్లో వేడిని పట్టుకుంటుంది. సుమారు మూడు గంటల్లో చుక్క మ్యాప్ మీదకు వస్తుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేసుకుంటే అటవీ మంటల హెచ్చరికలు ఫోన్‌కే వస్తాయి.

చుక్క అంటే పిక్సెల్ మధ్యబిందువు. మంట దానికి వంద, రెండు వందల మీటర్ల అవతల ఉండొచ్చు. మన తూర్పు కనుమల్లో మంట ఎక్కువగా నేల మీద రాలిన ఆకుల్లో పాకుతుంది. చిన్నగా అంటుకుని సాయంత్రానికి ఆరిపోతే శాటిలైట్‌కు అసలు చిక్కదు. కాబట్టి చుక్క లేనంత మాత్రాన మంట లేదనుకోవద్దు. విశాఖలో ఇంకో చిక్కుంది: స్టీల్ ప్లాంట్, రిఫైనరీల వేడి కూడా ఇలాంటి చుక్కగా నమోదు కావచ్చు. పాత డేటా ఫైళ్లలో ఒక్కో చుక్కకూ రకం సంఖ్య ఉంటుంది. 0 అంటే మొక్కల మంట అని అంచనా, 2 అంటే కదలని వేడి చోటు. ఆ 2లను తీసేశాకే లెక్క కట్టండి.

డ్రోన్: అనుమతి మొదట, ఎగరేయడం తర్వాత

మధ్యస్థ డ్రోన్‌తో ఒక బ్యాటరీకి 15, 20 హెక్టార్లు తీయగలరు. కంబాలకొండ ఏడు వేల హెక్టార్లు. అంటే డ్రోన్‌తో మొత్తం అడవిని వెతకడం జరిగే పని కాదు. శాటిలైట్ చూపిన మచ్చ మీదకు, దాని పక్కనున్న బాగున్న ముక్క మీదకు వెళ్లడానికే డ్రోన్. రెండో ముక్క తప్పనిసరి. పోల్చడానికి ఏదీ లేకపోతే ఎండిన కొమ్మ ఎంత మామూలో, ఎంత అసాధారణమో తేలదు.

2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నియమాల ప్రకారం డ్రోన్‌ను రిజిస్టర్ చేయించి గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల లోపు మైక్రో, 25 కిలోల లోపు స్మాల్. నానోకూ, వ్యాపారేతర పనికి వాడే మైక్రోకూ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆకాశాన్ని గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లుగా విడగొట్టారు. గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకా ఎగరేయొచ్చు. ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులే. ఎల్లో జోన్‌కు విమాన నియంత్రణ కేంద్రం అనుమతి, రెడ్ జోన్‌కు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. విశాఖ నేవీ ఊరు, ఎయిర్‌పోర్టు కూడా నేవీదే. డాల్ఫిన్స్ నోస్, యారాడ వైపు అయితే డ్రోన్ బ్యాగులోంచి తీయాలన్న ఆలోచన కూడా వద్దు. ఈ జోన్లను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటును ప్రతిసారీ చూసుకోండి.

గ్రీన్ జోన్ అయినంత మాత్రాన అభయారణ్యంలో ఎగరేయొచ్చని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి పరిశోధనకో ఫొటోలకో వెళ్లాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. రిజర్వ్ ఫారెస్ట్‌లోనూ అటవీ శాఖను అడిగే వెళ్లండి. ఏం వెతుకుతున్నారో, ఫలితం ఎవరికి ఇస్తారో ఒక్క పేజీలో రాసి, శాటిలైట్ మ్యాప్ జతచేసి అడగండి. ఎందుకు వెళ్తున్నారో ఆ మ్యాపే చాలావరకు చెబుతుంది.

ఎగరేసేటప్పుడు సమయం ఉదయం పది నుంచి పన్నెండు మధ్య పెట్టుకోండి. నీడలు పొట్టిగా ఉంటాయి, మధ్యాహ్నం సముద్రపు గాలి పెరగకముందే పని అయిపోతుంది. అడవి మీద ఫొటోలు ఒకదానిమీద ఒకటి బాగా కమ్ముకోవాలి: ముందుకు 80 నుంచి 85 శాతం, పక్కకు 75 శాతం. ఆకులు గాలికి కదులుతాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. అంతకన్నా తగ్గిస్తే సాఫ్ట్‌వేర్ వాటిని కలపలేక మధ్యలో కన్నాలు వదిలేస్తుంది. కొండ మీద ఎత్తు సంగతి జాగ్రత్త. ఎగిరిన చోటి నుంచి 100 మీటర్లు అని పెడితే ఎదుటి వాలులో చెట్ల కొసలకు తగులుతుంది. నేల ఎత్తును అనుసరించే మోడ్ పెట్టి, వాలు పైభాగం నుంచి ఎగరేయండి. మైదానంలో కన్నా బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది, 30 శాతం మిగిలుండగానే దించేయండి. గద్దలు చుట్టూ తిరగడం మొదలుపెడితే పని ఆపండి. గూళ్లు కనబడిన చోట అసలు ఎగరేయొద్దు.

పరారుణం లాంటి బ్యాండులను కూడా విడిగా తీసే మల్టీస్పెక్ట్రల్ కెమెరా ఉంటే ఎగరేసే ముందు, దించాక బూడిదరంగు ప్యానెల్ ఫొటో తీయాలి. అది లేకుండా ఈ నెల అంకెను వచ్చే ఏడాది అంకెతో పోల్చలేం. లేకపోయినా నిరుత్సాహపడొద్దు. మామూలు కెమెరాతో 100 మీటర్ల నుంచి వచ్చే సుమారు 3 సెంటీమీటర్ల వివరం కంటితో చదవడానికి చాలు. వెబ్‌ఓడీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ ఫొటోలన్నిటినీ ఒకే పటంగా కలిపి ఇస్తుంది.

ఆ పటాన్ని నిదానంగా చదవాలి. కూలిన మానులన్నీ ఒకే దిక్కుకు పడి ఉంటే గాలి పని. మొదళ్లు మిగిలి, వాటి దగ్గర నుంచి లాగిన దారి ఉంటే నరికివేత. చెట్టు నిలబడే ఉండి కొస నుంచి కిందకు ఎండుతూ వస్తే నీటి ఎద్దడో తెగులో పురుగో అయి ఉండాలి, పైనుంచి అంతకు మించి తేలదు. గుబురుగా, చెట్ల నీడలు లేకుండా దుప్పటి పరిచినట్టున్న పచ్చదనం పొద కావచ్చు. వెబ్‌ఓడీఎం ఎత్తుల పటం కూడా ఇస్తుంది. దట్టమైన గొడుగు కింద నేల కెమెరాకు కనబడదు కాబట్టి చెట్ల ఎత్తు లెక్కను అక్కడ నమ్మలేం, పలచని చోట్ల ఉపయోగపడుతుంది.

కాలినడక

కారణం తేలేది నేల మీదే. అనుమతితో, బీట్ సిబ్బందితో కలిసి వెళ్లండి. కంబాలకొండలో చిరుతలున్నాయి, ఒంటరిగా వెళ్లొద్దు. ఫోన్‌లో క్యూఫీల్డ్ యాప్ పెట్టుకుంటే మీ మ్యాప్ మీదే మీరు ఎక్కడున్నారో చూపిస్తుంది. గొడుగు కింద జీపీఎస్ పది మీటర్లు అటూ ఇటూ అవుతుంది. అందుకే మచ్చ అంచున కాకుండా మధ్యలో నిలబడి రాసుకోండి.

ప్రతి చోటా ఒకే ఫారం నింపండి: తేదీ, గొడుగు శాతం, పెద్ద చెట్ల జాతులు స్థానిక పేర్లతో, ఎండిన కొసలు, బెరడు మీద రంధ్రాలు, మసి, నరికిన మొదళ్లు, పశువుల జాడ, లాంటానా ఎంత, ముఖ్యంగా నేల మీద ఆ అడవి చెట్ల మొలకలు ఉన్నాయా లేవా. ఈ చివరిది ఏ శాటిలైటూ చెప్పలేదు. మొలకలు లేని పచ్చని కొండ గురించి నాకు ఎక్కువ దిగులు.

మచ్చలున్న చోట్లే కాకుండా మార్పు లేదని మ్యాప్ చెప్పిన చోట్లకు కూడా వెళ్లాలి. వీలైతే మ్యాప్‌లో మార్పు ఉన్న, లేని ఒక్కో రకానికి 50 చోట్లు, కష్టమైతే 30. అప్పుడే మీ మ్యాప్ ఎన్నిసార్లు నిజం చెప్పిందో అంకెగా రాయగలరు. అడవి అంచు ఊళ్లలో మాట్లాడండి. ఏ ఏడు ఏ గెడ్డ ఎండింది, ఏ చెట్టు కాపు తగ్గింది, మంట ఎటు నుంచి వచ్చింది అన్నవి వాళ్లకు తెలుసు.

మ్యాప్ ఎవరి చేతికి

ఏజెన్సీలో ఈ పని చేసేవాళ్లు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. కొండవాలులో తెల్లని మచ్చ పోడు కావచ్చు, ఆ పోడుకు పట్టా ఉండొచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీల భూమికి హక్కు ఇస్తుంది. ఆ చట్టం కింద సవరించిన నియమాల ప్రకారం శాటిలైట్ ఫొటోలు మిగతా సాక్ష్యాలకు తోడుగా పనికొస్తాయే తప్ప వాటి స్థానంలోకి రావు. మీ మ్యాప్‌లో "ఆక్రమణ" అని రాయకండి. "చెట్ల గొడుగు తగ్గింది, కారణం నేల మీద చూడలేదు" అని రాయండి. డ్రోన్ ఫొటోల్లో ఇళ్లు, మనుషులు పడితే ఆ ముక్కలు తీసేశాకే బయటపెట్టండి. గ్రామసభకు చెప్పకుండా వాళ్ల కొండ మీద ఎగరేయొద్దు.

నివేదిక రేంజ్ ఆఫీసుకు ఒకటి, వన సంరక్షణ సమితికి ఒకటి ఇవ్వండి. రెండూ తెలుగులో, రెండు పేజీల లోపు ఉండాలి. ఒక మ్యాప్, మచ్చల పట్టిక, ప్రతి మచ్చకూ చూసిన తేదీ, చూసినవారు రాసిన కారణం ఉంటే చాలు. నడిచి చూడని మచ్చలను వేరే రంగులో చూపండి. హద్దు ఫైలు, వాడిన ఫొటోల తేదీలు, సూత్రాలు, ఫారాలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి రెండు చోట్ల దాచండి. వచ్చే డిసెంబరులో ఈ పని ఇంకెవరు చేసినా అవే హద్దులతో, అవే సూత్రాలతో మొదలుపెట్టగలగాలి.